గరిటె పెట్టని క్యారెట్ పులుసు

మొన్న శనివారం మా కోడలు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అత్తయ్యా, వసంతకాలం భోజనాల్లోకి సులువైన క్యారెట్ సైడ్ డిష్‌లంట. అన్నీ పది నిమిషాల్లో అయిపోతాయంట, చూడండి" అని నా ముక్కు ముందు పెట్టింది. చూశాను. గోళ్ళకి రంగు వేసుకున్న రెండు చేతులు క్యారెట్లను నిలువుగా చీల్చి, వెన్న రాసి, పైనుంచి తేనె పోస్తున్నాయి. వేడి అన్నంలోకి తేనె పూసిన క్యారెట్! అసలు మా తెనాలిలో వసంతకాలం ఎక్కడుంది? చలి తగ్గిందని దుప్పటి మడతపెట్టేలోపే ఫ్యాను జోరు పెంచాల్సి వస్తుంది. ఆ మాట అనేలోపే పిల్ల వంట చేసేసింది కూడా. పప్పన్నం పక్కన నాలుగు ముక్కలు పెట్టి, "తిని చెప్పండి" అంటూ ఎదురుగా కూర్చుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. జిడ్డుగా, తియ్యగా, వెచ్చగా నాలుక మీద కూర్చుని కదలనంది. మింగలేను, కక్కలేను. కోడలు కదా, మొహం మీద అనకూడదని గ్లాసుడు మజ్జిగతో కిందికి తోసేసి, మిగతా మూడింటినీ కరివేపాకు కింద దాచాను.

చెప్పొచ్చేదేమిటంటే, నాకు క్యారెట్ అంటే అసహ్యం. ఇష్టం లేకపోవడం వేరు, అసహ్యం వేరు. కాకరకాయ నాకు ఇష్టం లేదు, కానీ దాని మీద గౌరవం ఉంది. చేదుగా ఉంటానని ముందే చెప్పి మరీ చేదుగా ఉంటుంది. క్యారెట్ అలా కాదు. కారం, పులుపు, ఉప్పు కలిసి ఏదో గంభీరంగా మాట్లాడుకుంటున్న కూరలో దూరి తియ్యగా ఉంటుంది, పరామర్శకి వెళ్ళిన ఇంట్లో జోకులు చెప్పే చుట్టంలాగా. తురిమి కొబ్బరి వేస్తే కొబ్బరిని కూడా పాడుచేస్తుంది. పెరుగులో కలిపితే పెరుగుకి జబ్బు చేసినట్టు రంగు మారుస్తుంది. నానబెట్టిన పెసరపప్పులో కలిపి నిమ్మకాయ పిండితే 'సలాడు' అని పేరు పెట్టుకుని పెళ్ళి భోజనాల్లో మొదటి వరసలో నిలబడుతుంది. సులువైన వంటంట! ఎందుకుండదు? ఎవరికీ నచ్చక్కర్లేని వంట ఎప్పుడూ సులువే. అయితే ఈ అసహ్యం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా పుట్టింట్లో క్యారెట్ ఉప్మాలో నాలుగు ముక్కలు కనిపించేది, ఏరి పక్కన పెట్టేదాన్ని, అంతటితో సరి. అసహ్యం నాకు మెట్టినిల్లు పెట్టిన కానుక. నేరుగా చెప్పాలంటే మా అత్తగారు పెట్టినది.

మా మెట్టినిల్లు రేపల్లె. మామగారు తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేవారు. తాతల కాలం నుంచి లూథరన్ క్రైస్తవ కుటుంబం వాళ్ళది. మా అత్తగారిది మాత్రం నిజాంపట్నం దిగువన సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లె. వాళ్ళ నాన్నకి పడవ ఉండేది. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారట. ఎలా ఇష్టపడ్డారో ఎంత గుచ్చి అడిగినా ఇద్దరూ చెప్పేవారు కాదు. మామగారు నవ్వేవారు, అత్తగారు పొయ్యి ఊదేవారు. పెళ్ళికి ముందు ఆవిడ బాప్తిస్మం తీసుకున్నారు, కీర్తనలు నేర్చుకున్నారు, ఆదివారం అందరికంటే ముందు గుడికి వెళ్ళి ముందు వరసలో కాకుండా మూడో వరసలో గోడ పక్కన కూర్చునేవారు. సంఘంలో ఆడవాళ్ళు ఆవిడని మర్యాదగానే పలకరించేవారు. వెనక మాత్రం 'సముద్రపావిడ' అనేవారు. నేను కొత్తకోడలిగా వెళ్ళిన మొదటి ఆదివారమే ఆ మాట నా చెవిన పడింది. "సముద్రపావిడ కోడలు, తెనాలి పిల్ల. పాపం" అన్నారు. ఆ పాపం దేనికో అప్పుడు నాకు తెలియలేదు.

చేపల దగ్గర మా అత్తగారు మహారాణి. బుట్ట దింపిన మనిషి చెప్పేది వినకుండా చేపని తిరగేసి, మొప్ప ఎత్తి చూసి, "నిన్నటిది. నీ కూతురికి పెట్టుకో పో" అనేవారు. వంజరమా, చందువా, పండుగప్పా అనేది మూసిన గిన్నె వాసన చూసి చెప్పేవారు. ఆవిడ చేపల పులుసు తిన్న మొదటి రోజు నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. ఆవిడ అది చూసి, మర్నాడు నా కంచంలో తలకాయ ముక్క వేశారు. అత్తాకోడళ్ళ మధ్య అంతకంటే పెద్ద ఒప్పందం ఏముంటుంది? ఈ సంబరమంతా మాఘమాసం దాకానే సాగింది. భస్మ బుధవారం వచ్చింది, యేసు శ్రమలు తలుచుకునే నలభై శ్రమదినాలు మొదలయ్యాయి, ఈస్టరు దాకా ఇంట్లో చేప బంద్.

మా పుట్టింట్లోనూ శ్రమదినాలు పాటించేవాళ్ళం, కానీ శుక్రవారాల వరకే. మిగతా రోజుల్లో మా నాన్న కంచంలో ఏముందని దేవుడు చూడడనే లెక్కలో ఉండేవాళ్ళం. రేపల్లెలో చాలా ఇళ్ళలోనూ అంతే. మా అత్తగారు మాత్రం నలభై రోజులూ నోరు కట్టుకునేవారు, ఇంటిల్లిపాదికీ కట్టేవారు. "శుక్రవారాలు చాలు కదా అత్తయ్యా" అని ఒకసారి అన్నాను. "పుట్టుకతో ఉన్నోళ్ళకి శుక్రవారాలు చాలు. నేను మధ్యలో వచ్చినదాన్ని. నాకు మొత్తం ఉండాలే" అన్నారు. అంత నిష్ఠ గల మనిషి ఇంకేం కూరగాయ దొరకనట్టు క్యారెట్ ఎందుకు పట్టుకున్నారన్నది మాత్రం నాకు కడుపుమంటగానే ఉండేది.

దానికీ ఆవిడ దగ్గర జవాబుంది. ఆవిడకి చేపల వంట తప్ప ఇంకో వంట రాదు. వచ్చిన చెయ్యి అది ఒక్కటే. దాంతోనే ప్రతి కూరగాయనీ వండి చూశారట. "వంకాయ పులుసులో చచ్చిపోద్ది. బెండకాయ జిగురు. ఆనపకాయ నీళ్ళోడుద్ది. చేపముక్కలాగా ముక్క నిలబడేది ఇదొక్కటే" అనేవారు. మామగారికి కళ్ళ డాక్టరు క్యారెట్ తినమన్నాడన్న సాకు ఒకటి తోడైంది. ఆయన ఆఫీసు నుంచి వస్తూ తెనాలి మార్కెట్లో సంచీ నిండా కొని రైలెక్కేవారు. ఆ సంచీ గుమ్మంలో దిగిన చప్పుడు వింటే నేను పెరట్లోకి తప్పుకునేదాన్ని.

ఇక వంట చూడాలి. క్యారెట్ల మీద పొలుసు ఉన్నట్టు కత్తి తిరగేసి తోక నుంచి తల వైపుకి గీకేవారు. ఏటవాలుగా ముక్కలు కోసి, గళ్ళుప్పు, పసుపు పట్టించి, మూడు నీళ్ళు పోసి కడిగేవారు. ఎందుకు కడుగుతున్నారని అడిగితే, "నీసు పోవద్దూ" అన్నారు. క్యారెట్‌కి నీసేమిటో దేవుడికే తెలియాలి. వేపుడైతే ముక్కకి రెండు పక్కలా గాట్లు పెట్టి, కారం, అల్లంవెల్లుల్లి దట్టించి, పెనం మీద పక్కపక్కన పేర్చి, అట్లకాడతో ఎంతో సుకుమారంగా తిరగేసేవారు. పులుసైతే మట్టి దాకలోనే కావాలి. ఉల్లిపాయ ముద్ద, చింతపండు, కొత్తగా కాసిన మామిడి పిందెల ముక్కలు, మెంతిపొడి. పులుసు ఉడుకు పట్టాక నేను అలవాటుకొద్దీ గరిటె పెట్టబోతే చెయ్యి మీద కొట్టారు. "గరిటె పెట్టమాక అమ్మాయ్! ముక్క ఇరిగిపోద్ది" అని, మసిగుడ్డతో దాక చెవులు పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పారు. సుత్తితో కొట్టినా విరగని క్యారెట్! పైగా ఆ పూట వండింది ఆ పూట పెట్టేవారు కాదు. రాత్రంతా ఉంటే ముక్కకి పులుసు పడుతుందని మర్నాడు పెట్టేవారు. నిన్నటి క్యారెట్, అందులో తీపి, ఆ తీపి మీద చింతపండు, ఆ దాకకి ఏళ్ళ తరబడి పట్టిన చేపల వాసన. తిన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు, ఎండు క్యారెట్ ఒక ఎత్తు. శ్రమదినాల్లో ఎండుచేప లేని లోటు తీరడానికి క్యారెట్లని సన్నగా చీల్చి, ఉప్పు రుద్ది, పెరట్లో నులకమంచం మీద పాత చీర పరిచి ఎండబెట్టేవారు. రెండెండలకి అవి ముడుచుకుపోయి, నల్లబడి, వేలిగోళ్ళలాగా తయారయ్యేవి. మా పక్కింటి పిల్లి మొదటి రోజు ఆశగా మంచమెక్కి, ఒకటి వాసన చూసి, మా అత్తగారి వంక ఒక చూపు చూసి దిగిపోయింది. తర్వాత మళ్ళీ ఆ పెరట్లోకి రాలేదు. ఆ మాత్రం స్వేచ్ఛ నాకు లేకపోయిందే అనుకున్నాను. వాటిని నిప్పుల మీద కాల్చి పప్పుచారులో నంజుకోమని పెట్టేవారు. మామగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి తినేవారు. మా ఆయన తలెత్తకుండా తినేసి, "అలవాటైపోద్దిలే" అని నాకు గుసగుసగా ధైర్యం చెప్పేవారు. అలవాటు కాలేదు.

శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం సంఘం వాళ్ళు ఒకరి ఇంట్లో కూడుకుని ప్రార్థన చేసుకునేవారు. ఎవరి ఇంట్లో ఎప్పుడన్నది పాస్టరుగారు ముందు ఆదివారం గుడిలో చదివేవారు. ప్రార్థన అయ్యాక ఆ ఇంటివాళ్ళే భోజనం పెట్టాలి. నీసు ఉండకూడదు. ఆ భోజనం పేరుకి నిరాడంబరం, నిజానికి పెద్ద పోటీ. ఒకరింట్లో క్యారెట్ కొబ్బరి కూరైతే ఇంకొకరింట్లో క్యారెట్ పెరుగు పచ్చడి, మరొకరింట్లో జీడిపప్పు వేసిన క్యారెట్ పలావు. ఇంగ్లీషు కూరగాయ కదా, పెట్టినవాళ్ళకి గొప్ప. ఇన్నేళ్ళలో మా అత్తగారి ఇంటికి ఒక్కసారీ వంతు రాలేదు. అడిగితే, "మీ ఇల్లు దూరం కదండి" అనేవారు. రెండు వీధుల దూరం. "మీకు ఇబ్బంది ఎందుకులెండి" అనేవారు. అసలు మాట వేరు. సముద్రపావిడ గిన్నెల్లో నీసు వాసన పోదు, శ్రమదినాల్లో ఆ ఇంట్లో ఎలా తింటామని. ఆ మాట మొదట అన్నది సంఘపెద్దగారి భార్య. ఆవిడ పుట్టిల్లు బాపట్ల. బాపట్లకి సముద్రం లేదా అంటే ఉంది. కానీ ఆవిడకి సముద్రమంటే ఇసుకలో కూర్చుని చూసేది. మా అత్తగారికి దిగి బతికేది.

అత్తగారు ఆ వంతు కోసం ఎంత ఎదురుచూశారో నేను కాపురానికి వెళ్ళిన ఆ మొదటి ఏడే తెలిసింది. మా నాన్న తెనాలిలో సంఘపెద్ద. ఆయన కూతురు కోడలిగా వచ్చిన ఇంటిని తప్పించడం బాగుండదని కాబోలు, పాస్టరుగారు ఆదివారం వంతులు చదువుతూ మామగారి పేరు కూడా చదివారు. నాకైతే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ ఆవిడ నిష్ఠకి రాని వంతు మా నాన్న పేరుకి వచ్చింది. అత్తగారికి ఆ తేడా పట్టలేదు. పక్కన కూర్చున్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, కీర్తన అయిపోయేదాకా వదల్లేదు. ఇంటికి వెళ్ళి గోడలకి సున్నం వేయించారు. చాపలు ఉతికి ఆరేశారు. "ఇయ్యాల్టి నుంచి మన ఇల్లు కూడా లెక్కలోదేనే" అన్నారు.

ఏం వండాలన్న దగ్గర మా ఇద్దరికీ వాదన వచ్చింది. నాకు అసహ్యమైనా సరే, నలుగురూ పెట్టేవే పెడదామన్నాను. కొబ్బరి వేసి ఒక కూర, పెసరపప్పుతో ఒకటి, పెరుగు పచ్చడి. పది నిమిషాల పని, ఎవరూ మాట అనరు. దాక బదులు స్టీలు గిన్నె వాడదామని కూడా అన్నాను. అంతా విని ఆవిడ, "వాళ్ళింటికెళ్తే వాళ్ళ వంట తిన్నాం గదంటే. మనింటికొస్తే మన వంట తినాలి. స్టీలు గిన్నెలో పులుసు ఏం పులుసే?" అన్నారు. గురువారం సాయంత్రమే దాక నిండా క్యారెట్ పులుసు వండి, మూత మీద బరువు పెట్టి ఉంచారు.

శుక్రవారం సంఘమంతా వచ్చింది. ప్రార్థన బాగా జరిగింది. చాపల మీద వరసగా విస్తళ్ళు వేసి నేనూ మా ఆయనా వడ్డించాం. దాక మాత్రం అత్తగారే పట్టుకుని తిరిగారు. పులుసు అన్నంలో పడగానే గదంతా ఒక వాసన లేచింది. నాకు అలవాటైన వాసనే గనక నాకు కొత్తగా అనిపించలేదు. బాపట్లావిడ ముద్ద కలిపినది కలిపినట్టే ఆపి, "ఇందులో చేపలేమైనా వేశారా అండి?" అంది. అందరి చేతులూ ఆగిపోయాయి. "లేదండి. ముక్క చూడండి, క్యారెట్టే" అన్నారు మా అత్తగారు. "ముక్క సంగతి కాదండి. వాసన" అందావిడ. అత్తగారు దాక రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అప్పుడు వరస చివర నుంచి పాస్టరుగారు, ఆకు మీద నుంచి తలెత్తకుండా, "పులుసు ఇంకొంచెం వెయ్యండమ్మా" అన్నారు.

అంతే, అందరి చేతులూ మళ్ళీ కదిలాయి. ఏం కదిలాయి! శుక్రవారమొస్తే చాలు చేప వాసనకి మొహం వాచే జనం. ముక్క నోట్లో పెట్టుకుంటే క్యారెట్, కళ్ళు మూసుకుంటే పండుగప్ప. జుర్రిన చప్పుళ్ళు తప్ప మాట లేదు. బాపట్లావిడ భర్త సంఘపెద్దగారు మూడుసార్లు వేయించుకున్నారు. బాపట్లావిడ కూడా ముక్క పక్కన పెట్టి, పులుసు మాత్రం మళ్ళీ పోయించుకుంది. దాక అడుగు గీకినా ఏమీ మిగల్లేదు. నాకు అసహ్యమైన ఆ పులుసుని అంతమంది అంత ఇదిగా తినడం చూసి, ఆ పూటకి క్యారెట్ మీద కోపం కూడా పోయింది. చేతులు కడుక్కుని చెప్పులు వేసుకుంటూ బాపట్లావిడ మా అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఎంతో ఆప్యాయంగా, "వచ్చే ఏటి నుంచి మీకీ తిప్పలు ఎందుకులెండి అక్కయ్యగారూ" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు, అప్పుడే తేన్చినవాళ్ళు, తల ఊపారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివాను, ఆ రోజు మా గుమ్మంలో చూశాను. క్యారెట్ తిన్నా నాకు అంత డోకు రాలేదు.

మర్నాడు పొద్దున అత్తగారు పెరట్లో కూర్చుని బూడిదతో దాక తోముతున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నిజంగా నీసు వచ్చిందటే?" అని అడిగారు. "వచ్చింది అత్తయ్యా. చేపల దాక కదా" అన్నాను. చాలాసేపు తోమి, నీళ్ళు పోసి, బోర్లించి, "మరి తిన్నారేంటే?" అన్నారు.

మరుసటి ఏడు పాస్టరుగారు వంతులు చదివినప్పుడు మామగారి పేరు లేదు. అత్తగారు మాత్రం పోయినేడు మా వంతు ఎవరి ఇంటి తర్వాత వచ్చిందో గుర్తుపెట్టుకుని, ఆ శుక్రవారానికి ముందు రోజు మళ్ళీ పులుసు వండారు. ఈసారి కుమ్మరి దగ్గర కొత్త దాక తెప్పించారు. చేప ఎరగని దాక. శుక్రవారం సాయంత్రం చాపలు పరిచారు. వీధి తలుపులు రెండూ బార్లా తెరిచి, ఉతికిన చీర కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఎవరొస్తారే ఇప్పుడు?" అన్నారు మామగారు. "వస్తే వస్తారు. నా వంతు నేను పెడతా" అన్నారు ఆవిడ. నాలుగిళ్ళ అవతల, ఆ ఏడు వంతు వచ్చిన ఇంట్లోంచి పాటలు వినిపిస్తున్నాయి. మా ఇంటి ముందు నుంచే జనం అక్కడికి వెళ్ళారు, తలుపులు తెరిచి ఉండడం చూసి అటువైపు మొహం తిప్పుకుని. నాకు ఆ మొహాల మీద ఆ దాకెడు పులుసూ కుమ్మరించాలనిపించింది.

పాటలు ఆగి, అక్కడ ప్రసంగం మొదలయ్యుంటుంది అనుకునే వేళకి మా పెరటి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే సంఘపెద్దగారు. చేతిలో రెండు గిన్నెల క్యారేజీ. "బీపీ మాత్ర మర్చిపోయానని ఇంటికొచ్చానమ్మా. అత్తగారు పులుసు చేశారంటగా. కొంచెం ఇందులో పోసిస్తే..." అన్నారు. నేను పోయి చెప్పాను. అత్తగారు లేచి వచ్చి, పెరటి గుమ్మంలో ఆయనకి అడ్డంగా నిలబడ్డారు. "పెరట్లోంచి ఇవ్వనండి. వీధి గుమ్మంలోంచి రండి. చాప మీద కూర్చుని ప్రార్థన చెయ్యండి. అన్నం పెడతా" అన్నారు. ఆయన వీధి వైపు చూశారు, క్యారేజీ వైపు చూశారు. "ఎవరైనా చూస్తారేమోనండి" అన్నారు. "చూడాలనే గదండి తలుపులు తీసింది" అన్నారు మా అత్తగారు. నేను ఆవిడ గొంతులో అంత నిబ్బరం అంతకుముందు వినలేదు.

సంఘపెద్దగారు పెరడు చుట్టి, వీధిలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. అంత మందికి పరిచిన చాపల మీద ఒక్కరే కూర్చున్నారు. గుడిలో ప్రార్థన మొదలుపెడితే పిల్లలు నిద్రపోయేదాకా ఆపని మనిషి, ఆ రోజు నాలుగు మాటల్లో ముగించబోయారు. అత్తగారు కళ్ళు మూసుకునే, "ఇంటి గురించి కూడా చెప్పండి" అన్నారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టి, ఈ ఇంటినీ, ఈ ఇంట్లో వండిన చేతుల్నీ దీవించమని అడిగారు. ఆమేన్ అన్నాక అత్తగారు వడ్డించారు. ఆయన ఆత్రంగా ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మొహం వాడిపోయింది. "ఏంటండి?" అన్నారు అత్తగారు. "ఏం లేదండి. పోయినేడు ఇంకో రకంగా ఉందండి" అన్నారాయన, దీనంగా. మా అత్తగారికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. ఆ నలభై రోజుల్లో ఆవిడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే. "ఈ దాకలో చేప వండలేదండి. ఈస్టరుకి రండి, అసలుదే పెడతా" అన్నారు. ఆయన ఆ వాసన లేని పులుసు మొత్తం తిని మరీ వెళ్ళారు. మిగిలిన దాకెడు పులుసూ మూడు రోజులు మేం తిన్నాం. ఆ మూడు రోజుల సంగతి నేను చెప్పను.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ శుక్రవారం అత్తగారు వండేవారు, తలుపులు తెరిచేవారు, సంఘపెద్దగారు మాత్ర మర్చిపోయేవారు. ఏటా అదే వీధి గుమ్మం, అదే ప్రార్థన. ఇంకెవరూ రాలేదు. పాస్టర్లు మారారు, మామగారు పోయారు, మా ఆయనకి తెనాలి బదిలీ అయింది. అయినా ఆ శుక్రవారానికి మేం రేపల్లె వెళ్ళేవాళ్ళం. ఒక ఏడు శ్రమదినాలకి ముందే సంఘపెద్దగారు కూడా కాలం చేశారు. ఈసారి ఎవరూ రారు, వండొద్దని అత్తగారికి చెప్పి చూశాను. వినలేదు. నడుము వంగిపోయింది, దాక ఎత్తలేకపోతున్నారు, అయినా చాపలన్నీ పరిచారు.

చీకటి పడుతుండగా గుమ్మంలోకి ఒక మనిషి వచ్చింది. బాపట్లావిడ. తెల్లచీర, చేతికర్ర. పిలవకుండానే చెప్పులు విడిచి, గోడ పట్టుకుని లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. "ఆయన ఇక్కడికే వచ్చేవారని నాకు మొదటి ఏడే తెలుసండి. మాత్రలు నా సంచీలోనే ఉండేవి గదండి" అంది. నేనైతే నాలుగు మాటలు సిద్ధం చేసుకునే ఉన్నాను, ఇన్నేళ్ళుగా. అత్తగారు నా వంక చూసి, ఆకు వెయ్యమన్నట్టు తల ఊపారు. వేశాను. ఆవిడ ప్రార్థన చేసింది, అడగకుండానే ఇంటి గురించి కూడా చెప్పింది. అత్తగారు క్షమించారు. నేను క్షమించలేదు, ఇప్పటికీ లేదు. క్యారెట్ మీద ఎంత అసహ్యమో ఆ మనిషి మీదా అంతే నాకు. కానీ అత్తగారు దాక ఎత్తలేరు గనక పులుసు నేనే పోశాను.

ఇప్పుడు రేపల్లెలో శుక్రవారం ప్రార్థనలు గుడి పక్క హాల్లోనే చేస్తున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు, బాపట్ల నుంచి క్యాటరింగ్ భోజనం. ఎవరింటికీ వంతు లేదు. మా అత్తగారు లెక్కలోకి రావడానికి ఒక జీవితకాలం పట్టింది. తీరా వచ్చేసరికి, అన్ని చాపలు పరిచిన ఆ ఇంట్లో ఆ రాత్రి ఆవిడా బాపట్లావిడా, ఇద్దరు ముసలివాళ్ళు ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నారు. కాలం ఎవరి వంతూ ఎగ్గొట్టదు గానీ, పిలవాల్సినవాళ్ళందరూ వెళ్ళిపోయాక తెచ్చి ఇస్తుంది.